ఎవరినీ కొయ్యని కంప్యూటరు

మొన్న మామ కూతురు ఫోన్ చేసి, వీడియో ఎడిటింగ్‌కు ఏ డెస్క్‌టాప్ తీసుకోవాలి బావా అని అడిగి, నేను నోరు తెరిచేలోగా తనే ప్రాసెసర్ పేరూ గ్రాఫిక్స్ కార్డు పేరూ గడగడా చెప్పేసి, సరేనా అంది. సలహా అడిగేవాళ్ళు ఇప్పుడు ఇంత సౌకర్యంగా ఉంటున్నారు. నాకు ముప్పై దాటి ఎన్నాళ్ళూ కాలేదు గానీ, ఎడిట్ చేసిన వీడియో రెండర్ అయి తయారయ్యేదాకా తెర మీద నీలం గీత కదులుతోందా లేదా అని చూస్తూ అన్నం తిన్నవాళ్ళందరూ నా ఈడువాళ్ళే కనుక, మీతో చెప్పుకోవచ్చు.

మామ ఛత్రినాకలో పెళ్ళిళ్ళకూ బోనాలకూ వీడియోలు తీసేవాడు. బోనాల వీడియోకు అక్కడ ఒక కట్టుబాటు ఉండేది: గల్లీలో బోనమెత్తిన ప్రతి ఆడమనిషీ గడప దిగిన దగ్గర్నుంచి గుడి దాకా కనబడాలి. ఎడిటింగ్‌లో ఒక్కరిని కోసినా మర్నాడు ఆ ఇల్లంతా మామ గుమ్మంలో ఉండేది. సొంత కంప్యూటరు లేక మామ గౌలిపురలో ఒక వీడియో మిక్సింగ్ షాపులో గంటల లెక్కన అద్దె కట్టి ఎడిటింగ్‌కు కూర్చునేవాడు. టైమ్ అయిపోవస్తుంటే ఎవరినో ఒకరిని కొయ్యక తప్పదు గనుక, లొల్లికి రాని మనిషిని చూసి కోసేవాడు. ఆ మనిషి వాళ్ళమ్మ, అంటే మా అమ్మమ్మ. ప్రతి ఏడూ ఆమె గల్లీవాళ్ళతో కూర్చుని వీడియో చివరిదాకా చూసి, లేచి వెళ్ళి గిన్నెలు తోముకునేది. గిన్నెల చప్పుడు మాత్రం ఆ రోజు కొంచెం ఎక్కువుండేది.

అందుకే ఒక ఆషాఢంలో, ఈసారి అమ్మ వీడియోలో ఉండాల్సిందేనని మామ సొంత కంప్యూటరు కొనడానికి బయల్దేరాడు. ఇంట్లో డిగ్రీ చదువుతున్నది నేనొక్కణ్ణే కావడంతో నన్నూ వెంటబెట్టుకున్నాడు. అది బీకాం అన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. షాపులో అద్దాల పెట్టెలో రంగురంగుల లైట్లతో, మంచి గ్రాఫిక్స్ కార్డుతో ఒకటి, బియ్యం డబ్బాలా నల్లగా, ఎంత వీడియో అయినా పట్టే పెద్ద హార్డ్ డిస్కుతో ఇంకొకటి ఉన్నాయి. ఆ కార్డూ ఈ డిస్కూ ఒకే పెట్టెలో కావాలంటే మామ జేబు ఒప్పుకోదు. నేను లైట్ల వైపున్నాను. షాపతను కూడా నా వైపే చేరి, ఫుటేజ్ ఎక్కువైతే ఫికరెందుకు, అక్కర్లేనివాళ్ళను డిలీట్ కొట్టుకుంటూ పొమ్మన్నాడు.

"అక్కర్లేనోళ్ళు మా గల్లీల ఎవ్వరు లేరు భాయ్," అన్నాడు మామ. "ఇన్నేండ్లు కోసింది మా అమ్మనొక్కదాన్నే."

సినిమాలో అయితే షాపతను ఇక్కడ కళ్ళు తుడుచుకుని ధర తగ్గించాలి. ఇతను మౌస్ ప్యాడ్ ఫ్రీ అన్నాడు. బియ్యం డబ్బా ఆటో ఎక్కింది.

పని మొదలుపెడితే చాలు, అది వేడెక్కి ఆగిపోయేది. మామ మూత తీసి టేబుల్ ఫ్యాను పెట్టాడు, అమ్మమ్మ బొట్టు పెట్టింది. రెండిట్లో ఏది పనిచేసిందన్న దానిమీద మా ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. మొత్తానికి బోనాలైన మరుసటి ఆదివారం గల్లీలో టీవీ పెట్టారు. తెర మీద అమ్మమ్మ నెత్తిన బోనంతో గడప దిగింది, మూల తిరిగింది, కిరాణా కొట్టు దాటింది, ఇంకా నడుస్తూనే ఉంది. మామ టీవీ వదిలేసి పక్కనున్న అమ్మనే చూస్తున్నాడు.

"ఏందిరా గిది, ఎంతసేపు నడుస్త? పక్కింటామెది రానీయ్, నాది జర కోసెయ్," అంది అమ్మమ్మ.

గల్లీ అంతా నవ్వింది. మామ కొయ్యలేదు. ఆ రోజు గిన్నెలు చప్పుడు చెయ్యలేదు.

ఈ ఏడు బోనాలను మామ కూతురి ఫోనే అరనిమిషానికి కత్తిరించి, పాట కూడా అదే పెట్టుకుంది. గల్లీలో సగం మంది అందులో లేరు. ఎవరూ లొల్లికి రాలేదు. ఎవరి అరనిమిషం వాళ్ళ ఫోన్లోనే ఉంది. పెద్ద డిస్కు తీసుకోమని ఆ పిల్లకు చెప్పాలనిపించింది గానీ, అంత జాగాలో ఎవరిని పెట్టుకోవాలి బావా అని అడుగుతుందేమోనని, నువ్వు అనుకున్నదే తీసుకో అన్నాను.