లెక్కకు రాని విసుర్లు

మొన్న జనగామ మైదానంలో కొత్తగా చేరిన కుర్ర కోచ్ ఒకతను పిల్లవాడి మోచేతికి తొడుగు వేసి, అందులోని చిన్న బిళ్ళ ఒక్కో బంతికి చేతిమీద ఎంత భారం పడుతుందో ఫోనులో చూపిస్తుందని నాకు పాఠం చెప్పబోయాడు. నోరు మూసుకుని వినడం నా జాతకంలో లేదు కనుక "నువ్వు పలక పట్టకముందే నేను బంతులు లెక్కవెట్టిన నాయినా" అన్నాను. అతను నవ్వి తన పని చూసుకున్నాడు. నేనే ఆ సాయంత్రమంతా ఏ పనీ చేయలేక కూర్చున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులు మనలో ఎవరు మరిచిపోతారు? అప్పుడు నేను మహబూబాబాద్‌లో ఆడపిల్లల బడిలో ఆటల టీచరును. కొత్తగూడ దగ్గరి తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే ఒక పిల్ల, పోడు చేనులో మంచె మీద వడిసెల తిప్పి పిట్టలను తోలిన చెయ్యి కాబోలు, బేస్‌బాల్ ఇస్తే పట్టేవాళ్ళ అరచేతులు వాచేలా విసిరేది. ఉమ్మడి రాష్ట్రం జట్టులో మన వైపు వాళ్ళకు చోటు దొరకడమే గగనమని ఏడ్చే కాలంలో, ఈ పిల్లను ఎవరూ కాదనలేరని నాకు గట్టి నమ్మకం. ఆ జట్టులోకి వెళితే క్రీడా కోటాలో డిగ్రీ సీటు, లేకపోతే మళ్ళీ మంచె. పిల్లకూ నాకూ తెలిసిన దారులు అవి రెండే.

అందుకే ఆ చేతిని కంటిపాపలా చూసుకున్నాను. ఎదిగే పిల్లల కీళ్ళ దగ్గర ఎముక ఇంకా లేతగానే ఉంటుందని, నొప్పి వచ్చాక ఆపడం కాదు రాకముందే ఆపాలని, విశ్రాంతి కూడా సాధనలో భాగమేనని కాలేజీలో చదువుకున్నదాన్ని. చదివింది ఆచరణలో పెట్టడం మా వైపు పిచ్చి కింద లెక్క అని మాత్రం ఉద్యోగంలో చేరాకే తెలిసింది. సైకిలు ట్యూబు చీల్చి కిటికీ ఊచకు కట్టి భుజానికి కసరత్తు చేయించేదాన్ని, ఒక్కో బంతికి నోటుబుక్కులో ఒక గీత గీసేదాన్ని, యాభై గీతలు కాగానే బంతి లాక్కునేదాన్ని. "ఏందమ్మా, గుడ్లు అమ్ముతున్నవా, గట్ల లెక్కవెడుతున్నవ్?" అని మా పెద్ద టీచరమ్మ అంటే, "గుడ్డు పలిగితే ఇంకోటి దొరుకుతది మేడం, మోచెయ్యి దొరకది" అన్నాను. ఆ మాటకు ఆమె నెల రోజులు నాతో పలకలేదు.

అంతలో సమ్మె వచ్చింది. బడులు, బస్సులు, హాస్టలు అన్నీ బంద్. సెలక్షన్లు కూడా వాయిదా పడ్డాయి. నేను అత్తగారి ఊరు జనగామలో ఇరుక్కుపోయి అక్కడి టీచర్ల శిబిరంలో కూర్చున్నాను. తండాకు వెళ్ళే దారిలేని పిల్లను మహబూబాబాద్‌లోనే మా పుట్టింట్లో ఉంచమని, అక్కడ ఉద్యమంలో ముందు నడిచే మా అన్నకు ఫోనులోనే అప్పజెప్పాను. ఆడీ ఆడీ అలసిన చేతికి ఈ విశ్రాంతి దేవుడిచ్చాడనుకుని లోలోపల సంతోషపడ్డాను కూడా. రోజూ సాయంత్రం ఫోను చేసి అడగడం, "ఒక్కటి గుడ ఇసర్లే మేడం" అని పిల్ల చెప్పడం, నేను పుస్తకంలో సున్నా వేసుకోవడం. మూడు వారాల సున్నాలు.

సమ్మె ముగిశాక హైదరాబాదులో సెలక్షన్లు జరిగాయి. పిల్ల నాలుగో బంతికి మోచెయ్యి పట్టుకుని కూలబడింది. హనుమకొండ దవాఖానలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫొటో చూసి, కొన్నాళ్ళు రోజూ విపరీతంగా విసిరితే తప్ప ఇలా కాదన్నాడు. నేను ఊరుకుంటానా? పుస్తకం ఆయన బల్లమీద పరిచి, గీతలన్నీ చూపించి, చదువుకున్న వాళ్ళు నోటికొచ్చింది అనకూడదని ఆయనతో వాదన పెట్టుకున్నాను. పిల్ల నేలచూపులు చూస్తూ నోరు విప్పింది.

"రోజు ఇసిరిన మేడం. రోడ్డు మీద, రాస్తారోకోల. టీవీలోళ్ళు వస్తున్నరని మీ అన్న ఆడిపిచ్చిండు."

"ఎన్ని ఇసిరినవే?"

"పొద్దుగాల సురు జేస్తే పోలీసోళ్ళు వచ్చేదాంక. ఎవ్వరు లెక్కవెట్టలే. మీకు చెప్పద్దన్నడు, పరేషాన్ అయితరని. తెలంగాణ వస్తే మా తండకు గ్రౌండ్ ఇస్తరన్నడు."

కబడ్డీ, ఖోఖో ఆడితే చూడని కెమెరాలు, నడిరోడ్డు మీద తండా పిల్ల అమెరికా ఆట ఆడుతుంటే ఎగబడ్డాయట. టీవీలో కూడా వచ్చిందట. శిబిరంలో కూర్చున్న నాకు టీవీ ఎక్కడిది? డాక్టరు నా పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. ఒక్క మాట తిట్టినా బాగుండేదనిపించింది.

ఇంటికెళ్ళి అన్నను నిలదీస్తే, అతను ముఖం కూడా దాచుకోలేదు. "రాష్ట్రం కోసం పిల్లలు పానాలు ఇస్తున్నరు. నువ్వు ఒక్క చెయ్యి గురించి గింత లొల్లా?" అన్నాడు.

"ఇచ్చినోళ్ళు ఇచ్చిన్రన్నా. ఇది నువ్వు గుంజుకున్నది" అన్నాను. అతను కండువా సర్దుకుని మీటింగుకు వెళ్ళిపోయాడు. ఆ ఉద్యమం నాది కూడా కనుకే ఆ దెబ్బ అంత లోతుగా తగిలింది. పరాయివాళ్ళు చేసి ఉంటే నాలుగు తిట్లతో పోయేది.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు? మహబూబాబాద్ జిల్లా అయింది, అన్న పెద్దమనిషి అయ్యాడు. ఆ పిల్ల ఇప్పుడు తండాలో ఇద్దరు పిల్లల తల్లి. తల దువ్వుకోవాలంటే ఎడమ చెయ్యే ఆధారం. నాకు చెప్పిన ఆ సున్నాల మీద నాకు ఇంకా కోపమే. అప్పటికి పదిహేనేళ్ళ పిల్ల, పెద్దమనిషి మాటకు ఎదురు చెప్పలేకపోయింది, నాకు తెలుసు. తెలిసీ ఆ కోపం పోలేదు.

ఇప్పుడు ప్రతి పిల్లనూ, పిల్లవాడినీ "ఇంటికాడ, బయట ఎక్కడన్న ఇసిరినవా?" అని ఒకటికి మూడుసార్లు అడుగుతాను, లేదన్నా వాళ్ళ అమ్మలకు ఫోను చేస్తాను, పక్కింటి వాళ్ళను కూడా అడుగుతాను. ఒకప్పుడు పిల్లల నోటిమాట విని పుస్తకంలో రాసుకునే టీచరును. పాపం, వీళ్ళు నిజమే చెబుతున్నారేమో. నమ్మడమే నాకు రాకుండా పోయింది.