బాపు ఎడమకాలు, సేఠ్ టెంపో

మా చిన్నప్పుడు, ఎండాకాలం సెలవులొస్తే బాపు టెంపోలో పక్క సీటు నాదే... మేం బతకడానికి వలసొచ్చిన గోడాదరా నుంచి పొద్దున్నే బయల్దేరి, కడోదరాలో మగ్గాల షెడ్ల దగ్గర బట్ట తాకాలు, అంటే చుట్టలు, ఎక్కించుకుని రింగ్ రోడ్ మార్కెట్లలో దించేవాళ్ళం. నాకప్పుడు పన్నెండేళ్ళు.

ఊరికే తిరగడానికి తీసుకెళ్ళేవాడనుకునేరు... నేను బాపుకి చెవిని. పదేళ్ళు పవర్‌లూమ్ షెడ్లో నిలబడి ఆయనకి వినికిడి సగం పోయింది. ఆ సంగతి టెంపో యజమాని సేఠ్‌కి తెలీదు. వెనక హారన్ కొడితే నేను మోకాలి మీద తట్టేదాన్ని.

ఆ ఏడు టెంపోకి రెండుసార్లు క్లచ్ ప్లేట్ కాలిపోయింది. మూడోసారి పోతే తాళంచెవి ఇచ్చేసి వెళ్ళిపొమ్మన్నాడు సేఠ్. వెళ్ళడమంటే ఎక్కడికి... మళ్ళీ ఆ షెడ్డుకే. పన్నెండు గంటల డ్యూటీ, ఆ మోత, ఆ దుమ్ము. మిగిలిన సగం చెవి కూడా పోతుందని అమ్మ భయం. "సస్తే సస్త గని మల్ల షెడ్డుకు వోను," అనేవాడు బాపు.

సరిగ్గా అలాంటప్పుడు ఒకరోజు, నిండా సరుకుతో ఫ్లైఓవర్ ఎక్కుతున్నాం... ఇంజన్ గొంతు చించుకుంటోంది, బండి మాత్రం నత్తనడక. కాలిన వాసన గుప్పుమంది.

"బాపూ, ఇంజన్ ఒర్లుతుంది, బండి గుంజుతలేదు," అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. "మల్ల గదేనా బిడ్డా," అన్నాడు.

ఎలాగో సరుకు దించి, కడోదరాలో సేఠ్ గోదాము పక్కనున్న గ్యారేజీకి వచ్చాం. బండిని చూసి సేఠ్ కూడా గోదాములోంచి వచ్చాడు. బండ్లు బాగుచేసే మిస్త్రీ తనే సీట్లో కూర్చున్నాడు. హ్యాండ్ బ్రేక్ గుంజి, పై గేరు వేసి, మెల్లగా క్లచ్ వదిలాడు. అలా చేస్తే ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే ప్లేట్ జారుతోందన్నమాట... ఇదంతా రెండు ప్లేట్లు మార్చినప్పుడే నేర్చుకున్నాను.

ఇంజన్ టక్కున ఆగిపోయింది.

"ప్లేట్ ఠీక్ హై," అన్నాడు మిస్త్రీ.

ప్లేట్ బాగుంటే తప్పు ఎవరిది... డ్రైవర్‌దే కదా. "బట్ట నేసేటోడు బండేం నడుపుతాడు," అని హిందీలో అని, సేఠ్ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంజన్ మొత్తుకోవడం నా చెవులతో విన్నాను. కాలిన వాసన నా ముక్కుతో పీల్చాను. అబద్ధమెలా అవుతుంది? అడ్డంపడి, "అంకుల్, ఏక్ బార్ బాపు కో బిఠావో," అన్నాను. మిస్త్రీకి ఏమనిపించిందో, సరే కూర్చోమన్నాడు.

బాపు కూర్చున్నాడు. అదే హ్యాండ్ బ్రేక్, అదే గేరు. క్లచ్ వదిలాడు... ఇంజన్ కాస్త తడబడి, మళ్ళీ మోగుతూనే ఉంది. అదే వాసన.

మిస్త్రీ తలుపు తీసి వంగి చూశాడు. నేనూ చూశాను. బాపు ఎడమకాలు ఇంకా పెడల్ మీదే ఉంది.

"ఇడిసిన గద," అన్నాడు బాపు. నిజంగానే వదిలాననుకుంటున్నాడు.

షెడ్డుకి రాకముందు, కరీంనగర్ దిక్కు మా ఊళ్ళో చిన్నప్పటి నుంచీ గుంట మగ్గం నేసిన మనిషి. గుంటలో కాళ్ళు దించుకుని, తొక్కుడు చెక్కల మీద పెట్టిన పాదం పొద్దుగూకేదాకా తియ్యడు. ఆ అలవాటు టెంపోలోకీ వచ్చేసింది. పెడల్ మీద కాలి బరువు ఆ కాస్త పడుతూ ఉంటే చాలు, ప్లేట్ సరిగ్గా పట్టుకోదు. జారుతుంది, కాలుతుంది. మిస్త్రీ కూర్చుంటే బాగుండి, బాపు కూర్చుంటే జారడం అందుకే.

గ్యారేజీ అంతా ఒకటే నవ్వులు. "పో, మగ్గం మీదికే పో," అన్నాడు సేఠ్.

బాపు తలొంచుకుంటాడనుకున్నాను. వంచలేదు. దిగొచ్చి, తాళంచెవిని పిడికిట్లో బిగించి, తనకొచ్చిన వంకర హిందీలో అన్నది ఇదీ: "ఇన్నొద్దులు బీమారి ఏందో ఎరుకలేదు సేఠ్. ఇప్పుడు ఎరుకైంది. ఎరుకైనంక చాబీ ఎందుకిస్త?"

సేఠ్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బాపు అక్కడే పడున్న విరిగిన పెట్టెలోంచి ఒక చెక్క తీశాడు. "నా కాలు ఊకుండదు. దానికో జాగ ఇయ్యాలె," అని పెడల్‌కి ఎడమపక్కన పెట్టి చూపించాడు. నవ్విన మిస్త్రీయే దానికి బోల్టులు బిగించాడు.

మర్నాడు అదే ఫ్లైఓవర్, అంతే బరువు. నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను... ఇంజన్ మోతా బండి పరుగూ కలిసే సాగాయి. "ఎట్లుంది బిడ్డా?" అన్నాడు. "మంచిగుంది," అన్నాను. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలీలేదు.

ఆ ప్లేట్ నా పదో తరగతి పరీక్షలు అయ్యాక కూడా ఉంది. మా గల్లీలో మగ్గం మానేసి డ్రైవింగ్‌కి వచ్చే ప్రతివాడూ ముందు బాపు దగ్గరికే వచ్చేవాడు. లైసెన్స్ సంగతి తర్వాత... "కాలు ఎక్కడ పెడుతున్నవ్, సూపెట్టు," అనేవాడు బాపు.

ఇప్పుడు గ్యారేజీకి వెళ్తే బండికి వైరు తగిలించి తెర మీద చూస్తున్నారు. మంచిదే. కానీ వంగి డ్రైవర్ కాలు చూసేవాళ్ళేరీ... బండికి జబ్బంటే అది నడిపే మనిషి బతుకులో కూడా వెతకాలని ఆ తెరకేం తెలుసు?

మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... పని మారినా పాత పని వదలని చెయ్యో, కాలో, నడుమో ఉన్న మనిషి. వాళ్ళ గురించి కింద రాయండి. జాలి పడుతూ మాత్రం రాయకండి... మా బాపు ఎవరి జాలితోనూ ఆ సీటు నిలబెట్టుకోలేదు.