బురుజు ఎక్కాకే చాయ్

శామీర్‌పేట దగ్గర అలియాబాద్‌లో మా పెద్దమ్మ ఇంటికి ఎవరెళ్లినా చాయ్ వెంటనే దొరికేది కాదు. ముందు ఇంటి వెనక పొలంలో ఉన్న పాత బురుజు ఎక్కి రావాలి.

"చార్మినార్ జూడనీకి లైన్ల నిలవడ్తరు, గిది ఎక్కనీకి కాళ్లు గుంజుతున్నయా?" అంటూ కొంగు నడుముకు దోపుకుని తనే ముందు నడిచేది. ఎవరు కట్టారని అడిగితే, "ఎవలు గడితేంది? ఇగ నేను కావలున్న" అని గోడను అరచేత్తో చరిచేది, బర్రె వీపు తట్టినట్టు.

పొలం ఆమె పేరు మీదే ఉన్నా, ఆమె మరిది అందులో ప్లాట్లకు హద్దురాళ్లు పాతించాడు. ఒకరోజు కొనేవాళ్లను కారులో తీసుకొచ్చి, "వదినా, జల్దీ చాయ్ వెట్టు" అన్నాడు. పెద్దమ్మ వాళ్లనూ బురుజెక్కించింది. దూరంగా శామీర్‌పేట చెరువు మెరుస్తుంటే అందరూ ఫోన్లు తీశారు. మరిది మాత్రం బూట్లకు మట్టి అంటుతుందని కిందే ఆగి, "మంచిగ జూస్కోండ్రి, వచ్చేవారం కూలగొట్టిస్త" అని అరిచాడు.

పెద్దమ్మ పైనుంచి గోడను చరిచింది. "సంతకం నాది గావాలె గదా? నేనైతే వెట్ట. ఏం జేస్తవో జెయ్యి."

కిందికి దిగాక వచ్చినవాళ్లందరికీ చాయ్ పోసింది. మరిది చెయ్యి చాపాడు.

"వీళ్లు ఎక్కిండ్రు, తాగుతరు. నువ్వు ఎక్కలే."

పెద్దమ్మ ఉన్నన్నాళ్లూ ఆయన బురుజు ఎక్కలేదు, ఆ ఇంట్లో ఆయనకు చాయ్ దొరకలేదు. బురుజు ఇప్పటికీ ఉంది.