పన్నెండో బండి

నన్ను చిట్టచివర పెట్టారు. రాత్రికి రాత్రి నాగార్జునసాగర్ బయల్దేరిన మా పన్నెండు బైకుల వరుసలో పన్నెండోవాణ్ణి నేను!

హైటెక్ సిటీ ఇంకా రాళ్లగుట్టలుగా ఉన్నప్పుడే అక్కడ బండి తోలినవాణ్ణి. బాలానగర్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, పుస్తకాలు ముందేసుకుని ఇంజన్ విప్పి బిగించడం సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. దానికి దక్కిన గౌరవం ఇదా? అడుగుదామంటే మా నాయకురాలు శ్రావణి, సాఫ్ట్‌వేర్ అమ్మాయి, అప్పటికే బండి కదిలించేసింది.

ఊరు దాటాక వాన దంచికొట్టింది. అందరివీ నల్ల రెయిన్‌కోట్లే. చీకట్లో ఎవరు ఎవరో తెలియదు. ఇదే అదనని శ్రావణితో సహా ఒక్కొక్కరినే దాటేశాను. తెల్లారేసరికి సాగర్‌లో టీకొట్టు బెంచీ మీద, కాలు మీద కాలేసుకుని రెండో టీ తాగుతున్నాను.

వాళ్లు గంట తర్వాత వచ్చారు, తడిసి ముద్దయి. వెనక నా లైటు కనిపించక, ప్రతి కల్వర్టు కిందా టార్చి వేసి వెతుకుతూ ఇరవై కిలోమీటర్లు వెనక్కి పోయారట! నా ఫోనేమో ప్లాస్టిక్ కవర్లో, సంచి అడుగున ఉంది.

అయినా నేను తగ్గలేదు. "ముందు ఇది చెప్పు. నన్ను ఆఖర్ల ఎందుకు పెట్టినవమ్మా?" అన్నాను.

శ్రావణి హెల్మెట్ తీసి నీళ్లు దులిపింది. "ఎవరి బండి ఖరాబైనా ఆగి చూసెటోడు ఆఖర్ల ఉండాలె అంకుల్. అందరికంటె పని తెలిసినోనివని నిన్ను పెట్టిన. కొత్తోళ్లనైతే నా ఎనకనే పెట్టుకుంట. ఇగ వాపస్ పోయేటప్పుడు నువ్వు నా ఎనకనే రా."