అచ్చమ్మ పేరు కింద రెండు ఒత్తులు

ఫరీదాబాద్‌లో మా మెట్ల పక్క గదిలో ఉండే సన్యాసిరావు సైన్యం వర్క్‌షాపులో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. అక్కడ బోర్డులన్నీ రాసిన చెయ్యి ఇప్పుడు వణుకుతుంది. టీ గ్లాసు కూడా రెండు చేతులా పట్టుకుంటాడు. అందుకని తన బదులు రాసే యంత్రం కట్టుకున్నాడు. పట్టాలూ మరలూ ఏమీ కొనలేదు. గోడకు రెండు మూలలా పాత ప్రింటరు మోటార్లు బిగించి, చేపలు పట్టే దారంతో మధ్యన పెన్ను వేలాడదీశాడు. వీధిబడి చదువుతో ముప్పై ఏళ్లు లేత్ నడిపి, రెండుసార్లు ఉత్తమ కార్మికుడి బహుమతి అందుకున్నవాణ్ణి, నేనే అలాంటి ఏర్పాటు చూసి ఎరగను.

భార్య అచ్చమ్మ సంవత్సరీకానికి, ఫోటో కింద పెట్టే చెక్క మీద ఆమె పేరు రాయించాలని అతని పంతం. ముందురోజు పొద్దున ఆ చెక్కను పెన్ను వెనక గోడకు ఆనించి యంత్రం ఆడించాడు. అక్షరాలు గుండ్రంగా, తిన్నగా పడ్డాయి. పై వాటా ప్రవల్లిక వచ్చి చదివి, "అచమ ఎవరు బాబాయ్‌గారూ? హిందీ చుట్టమా?" అంది. సన్యాసిరావు నవ్వలేదు. మోటార్లు పైకి లాగుతాయి గాని, కిందికి దిగాల్సింది పెన్ను తన బరువుతోనే. బరువు చాలక చిన్న ఒత్తుల దగ్గర దిగనే లేదు.

"కాస్త బరువు కట్టి మళ్లీ రాయించవయ్యా" అన్నాను. వినలేదు. దారం నుంచి పెన్ను విప్పి ఒత్తులు రెండూ తనే పెట్టాడు. వంకరటింకరగా వచ్చాయి.

"అయ్యో, చెరిపెయ్యనా?" అంది ప్రవల్లిక.

"ఉండనీ అమ్మా. మంచాన పడ్డ మూడేళ్లూ దానికి ఈ చేత్తోనే అన్నం పెట్టాను. సగం మెతుకులు దిండు మీదే పడేవి. ఆ ఒత్తులు రెండూ చూస్తేనే రాసింది నేనని పోల్చుకుంటుంది."