మూడో అంగడి దాకా

నందికొట్కూరులో మా నాన్న బట్టల అంగడిలో నేను మొదట నేర్చుకున్నది లెక్కలు కాదు, లేచిపోవడం. సరుకు కొనడానికి వెళ్ళినప్పుడు బేరం తెగకపోతే చెప్పులు వేసుకుని బయటికి నడవాలి. మరీ వేగంగా కాదు. మూడో అంగడి దాటేలోపు వెనక నుంచి "రాప్పా, రా, నీ మాటే కానీ" అని పిలుపు వస్తుంది. రాకపోతే ఆగి, చెప్పులో రాయి తీస్తున్నట్టు వంగాలి. ఈ విద్యలో నాకు కొంచెం పేరుంది.

దాన్ని దేవుడి మీద ప్రయోగించిన వెధవను కూడా నేనే.

నా భార్య రొమ్ములో గడ్డ కనిపించింది. కర్నూలు ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ ఆదివారం చర్చిలో మోకరించి మొక్కుకున్నాను: ఫలితం మంచిదైతే కారుతున్న ఆ చర్చి కప్పుకు కొత్త రేకులు వేయిస్తానని. ఆమెన్ అనేలోపే, కప్పు మొత్తానికా, కారే వైపుకేనా అని తగ్గించడం మొదలుపెట్టాను. కళ్ళు మాత్రం భక్తిగా మూసుకునే ఉన్నాయి. దేవుడు ఉలకలేదు, పలకలేదు. నోరు విప్పని వాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం. ధర పెంచడానికే అలా కూర్చుంటారు.

సరే, ఆయనే పిలవనీ అని చర్చి మానేశాను. ఇంట్లో నడుము నొప్పి అని చెప్పి, ఆమె వెళ్ళాక చర్చి వెనక సందులో సోడా అంగడి దగ్గర నిలబడేవాణ్ణి. పిలిస్తే వినపడేంత దూరం. ఒక్క నిమ్మసోడానే ప్రార్థన అయ్యేదాకా తాగేవాణ్ణి.

రెండో ఆదివారం ఆమె ఆ సందులోంచే వచ్చింది.

"నడుము నొప్పి ఈడికొచ్చిందా?"

నిజం కక్కేశాను. ఆమె నా ముఖం, చేతిలోని సోడా చూసింది.

"నువ్వు రాకుంటే ఆయనకేం బేరం పోల్యా. ఆడోళ్ళ చాపల మీంచి చూస్తే నీ జాగా ఖాళీగా కనపడ్తాండాది. గడ్డ పెట్టుకోని నేనొక్కదాన్నే కూర్చోని వస్తాండా."

"నువ్వు ఏమని అడిగినావు ఆయన్ని?"

"ఏమడిగేది? ఆసుపత్రికి తోడు రమ్మన్నా."

ఫలితం చెడ్డదే వచ్చింది. గడ్డ చిన్నదే, ఆపరేషన్ చేసి మందులు వాడితే నయమయ్యే అవకాశం బాగా ఉందని డాక్టరమ్మ నెమ్మదిగా చెబుతోంది. నా భార్య కొంగు వేలికి చుట్టుకుంటూ వింటోంది. అప్పుడు నా బుర్రలోకి మొదట వచ్చిన మాట రాయడానికి రోతగా ఉంది. రేకుల డబ్బు మిగిలింది అనుకున్నాను.

దాచుకుంటే లోపల కుళ్ళుతుందని మెట్లు దిగుతూ ఆమెకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. గోడ పట్టుకుని నవ్వింది.

"నీ పుట్టుకే అంత. రేకులు వేయించు. వానకు తడిసేది దేవుడు కాదు, మేము."

"ఇంత జరిగినాక కూడా ఆయన నిన్ను వదిలేసినాడనిపించలేదా?"

"వదిలేసింటే ఈ మెట్లు ఎక్కుతాంటినా? పొద్దున కాళ్ళు వణుకుతాంటే ఎవురు పట్టుకున్యారనుకున్యావు? నువ్వు శానా ముందరే ఎక్కిపోయినావు."

నిజమే. ఫలితం ముందు నేనే వినాలని పరుగెత్తాను.

రేకులు కొన్నాను. అక్కడా బేరమాడాను, లేచి కూడా వచ్చాను, పిలిచారు. అది వేరే సంగతి. ఆదివారం నా జాగాలో కూర్చుని ప్రార్థించబోతే "ఇట్లా చేస్తే" అన్న మాటే ముందు నోటికొచ్చింది. మింగాను. మళ్ళీ వచ్చింది. తల తిప్పి చాపల వైపు చూస్తే ఆమె కళ్ళు మూసుకుని ఉంది, ముఖం నిమ్మళంగా ఉంది. చివరికి ఆమె మాటనే అరువు తెచ్చుకుని, ఆపరేషన్ రోజు తోడు రా తండ్రీ అన్నాను. బదులుగా ఏమీ పెట్టలేదు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ప్రార్థన అయ్యేదాకా తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.