అక్క స్కానింగ్ ఫోటోకి లామినేషన్

నేను వెలగబెట్టిన ఘనకార్యం వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, కాకపోతే మా అక్క ముందు వద్దు. ఇంకా పుట్టని మేనకోడలి తొలి ఫోటోను నా చేతులతో నేనే నామరూపాల్లేకుండా చేశాను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. చిత్తూరు కోర్టు దగ్గర జిరాక్స్ షాపులో చేరి మూడు నెలలైంది. లేజర్ ప్రింటరు నల్లపొడిని వేడితో కరిగించి కాగితానికి అతికిస్తుందని, ఇంక్‌జెట్ సన్నటి సిరాచుక్కలు చిమ్ముతుందని తెలిసింది. అంతే, ప్రింటర్లను కనిపెట్టింది నేనే అన్నట్టు తిరుగుతుండేవాణ్ణి.

ఒకరోజు బావ వచ్చి, జేబులోంచి అక్క స్కానింగ్ ఫోటో భద్రంగా తీశాడు.

"నగరి నుంచి మా అమ్మ దీన్ని సూసేదానికే వస్తా ఉండాది. నలగకుండా కవరేమన్నా ఉండాదా?"

"కవరెందుకు బావా? లామినేషన్ చేస్తా. మీ మనవళ్లు కూడా చూసుకుంటారు."

"ఏం కాదు గదబ్బా? ఇదొకటే ఉండాది."

"నేనుండాను గదా!"

ఫోటోను ప్లాస్టిక్ కవరులో పెట్టి, బాగా కాగిన మెషిన్లోకి తోశాను. ఇటు నుంచి బుజ్జి తల, చిట్టి ముక్కు లోపలికి వెళ్లాయి. అటు నుంచి మాడిన దోసె బయటికొచ్చింది!

బావ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "బిడ్డ యాడ?"

ఓనరు చెంగల్రాయప్ప పరుగెత్తుకొచ్చాడు.

"ఎంత పని చేసినావప్పా! ఇది థర్మల్ ప్రింటు. దీంట్లో సిరా లేదు, పొడి లేదు. వేడి తగిలిన కాడ కాగితమే నల్లబడతాది, గోటితో గట్టిగా గీకినా ఆ రాపిడి వేడికి నల్లగీత పడతాది. ఏటీఎం చీటీ కూడా ఇంతే. నువ్వు మొత్తం కాల్చి పెట్టినావు!"

బావ స్కానింగ్ సెంటరుకు ఫోన్ చేశాడు. ఫోటో వాళ్ల కంప్యూటర్లో ఉందట, రేపు ఇంకోటి ఇస్తారట. నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతలోనే బస్సు దిగిన బావ వాళ్లమ్మ, దారిలో కొడుకును చూసి నేరుగా షాపులోకి వచ్చేసింది. మేం నోరు విప్పేలోపే ఆ నల్లట్ట లాక్కుంది. కళ్లజోడు తుడుచుకుని మరీ చూసింది. తృప్తిగా తల ఊపింది.

"కడుపులో దీపం యాడుంటాది? సీకటిగానే ఉంటాది. ఉండేది ఉండేట్టే తీసినారు!"

చెంగల్రాయప్ప పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. బావ కూడా నవ్వేశాడు. అక్క నవ్వడానికి మాత్రం వారం పట్టింది.

ఆ మెషిన్ చల్లారాక దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: అంచున గోటితో గీకి, నల్లగీత పడదని తేల్చుకోనిదే, సాక్షాత్తూ దేవుడే తన ఫోటో తెచ్చిచ్చినా లామినేషన్ చెయ్యను!